చెక్క చర్చిని నిలబెట్టుకునే దారి ఉందా?

మాది ఒడిశా గజపతి జిల్లాలో, పర్లాకిమిడి దగ్గర చిన్న ఊరు. మా క్యాథలిక్ చర్చి తాతల నాటిది. స్తంభాలు, దూలాలు, వాసాలు, గోడల పలకలు అన్నీ గుగ్గిలం కలపే, పైన పెంకు. వాన పడితే లోపల ఆ చెక్క వాసనకే సగం ప్రార్థన అయిపోయినట్టుంటుంది. రెండు స్తంభాల మొదళ్లలో చెదలు కనిపించేసరికి మొత్తం పడగొట్టి స్లాబు వేద్దామంటున్నారు పెద్దలు. ఒకటే టెన్షన్.

పురాతన కట్టడాలను కాపాడే 1958 కేంద్ర చట్టం కింద రక్షణ రావాలంటే కట్టడానికి కనీసం 100 ఏళ్లుండాలి. మాదానికి ఇంకా అంత వయసు లేదు. ఒడిశాకు 1956 నాటి సొంత చట్టముంది కదా, దాని కింద ఎవరైనా దరఖాస్తు పెట్టారా? పాత కట్టడాల పరిరక్షణకు పనిచేసే ఇన్‌టాక్ సంస్థ వాళ్లు వచ్చి చూస్తారా? లేక ముందు బరంపురం బిషప్‌గారికే రాయాలా? పాడైన మొదలు మాత్రం కోసి కొత్త కలప అతికే వడ్రంగులు ఎక్కడ దొరుకుతారో కూడా చెప్పండి. మా ఫాదర్‌గారు మంచివారే, ఖర్చు అంచనా చేతికిస్తే వింటారు.