అప్‌డేట్: 1996 అమెరికా బేస్‌బాల్ నేషనల్ లీగ్ బ్యాటింగ్ టైటిల్, గ్విన్ లెక్క తేలింది

నా డౌట్ ఇది: టైటిల్‌కి (సీజన్‌లో అత్యధిక బ్యాటింగ్ సగటుకి దక్కేది) కనీసం 502 ప్లేట్ అప్పియరెన్స్‌లు (బ్యాటింగ్‌కి వచ్చిన మొత్తం సార్లు) ఉండాలి కదా, 498 మాత్రమే ఉన్న టోనీ గ్విన్ (శాన్ డియేగో పాడ్రెస్) .353 సగటుతో టాపర్ ఎలా అయ్యాడు? ఎక్సెల్‌లో ఫిల్టర్ పెట్టగానే ఆయన పేరు ఎగిరిపోయేది.

రూల్ బుక్ చూడమన్నవాళ్లదే కరెక్ట్, థ్యాంక్స్. తక్కువైన నాలుగుసార్లూ ఔటైనట్టే లెక్కేస్తారట. గ్విన్‌వి 451 అట్ బ్యాట్స్ (సగటు లెక్కకి తీసుకునే సార్లు), 159 హిట్లు; హిట్లను అట్ బ్యాట్స్‌తో భాగిస్తే సగటు. 451ని 455 చేసినా .349 వస్తోంది. రెండో స్థానంలో ఉన్న ఎల్లిస్ బర్క్స్ (కొలరాడో రాకీస్) .344. అంత కఠినమైన లెక్కలోనూ గ్విన్‌దే పైచేయి! రికార్డులో మాత్రం అసలు .353నే ఉంచారు.

ఆటగాళ్ల సమ్మె వల్ల మ్యాచ్‌లు తగ్గాయేమో అని కొందరన్న పాయింట్ దీనికి వర్తించదు. ఆ కోత 1994, 95 సీజన్లది. 1996 పూర్తి 162 మ్యాచ్‌ల సీజనే, మ్యాచ్‌కి 3.1 ప్లేట్ అప్పియరెన్స్‌ల చొప్పున గుణిస్తే 502. ఫిల్టర్ తీసేసి, తక్కువైనవాళ్లకి ఔట్లు కలిపే కాలమ్ పెట్టుకున్నా.