చర్చ: ఒక చేయి కోల్పోయినవారికి బంతి ఆటల పరికరాలు, మీ అనుభవాలు కావాలి

వాలీబాల్ తండ్రి
మా అమ్మాయికి 13 ఏళ్లు. చిన్నప్పుడు జరిగిన ప్రమాదంలో ఎడమ చేయి మోచేతికి నాలుగు వేళ్ల కిందివరకే మిగిలింది. రెండేళ్లుగా వాలీబాల్ ఆడుతోంది. కుడి చేత్తో సర్వీసు చక్కగా చేస్తుంది. ఇబ్బందంతా రెండు చేతులూ కలిపి బంతిని అందుకోవలసి వచ్చినప్పుడే. ఇప్పుడున్న కృత్రిమ చేయి చూడటానికి అచ్చం చేయిలాగే ఉంటుంది గాని, బంతి దానికి తగిలితే రాయికి తగిలినట్టు పక్కకు ఎగిరిపోతుంది. ఆటల కోసమే చేసిన పరికరాలు వాడినవారు, ఏది పనికొచ్చిందో, ఏది పనికిరాలేదో దయచేసి వివరంగా రాయండి.

సాకెట్ పనివాడు
నేను కృత్రిమ అవయవాలు తయారుచేసే పనిలో ఉన్నాను. మీరు వాడిన ‘రాయి’ అన్న మాటలోనే అసలు విషయం ఉంది. మామూలు చేతికి బంతి తగిలినప్పుడు వేళ్లూ మణికట్టూ కొద్దిగా వెనక్కి వంగి, ఆ ఊపును తమలో దాచుకుని తిరిగి బంతికి ఇస్తాయి. చేతి ఆకారంలో పోతపోసిన అలంకార హస్తానికి ఆ గుణం లేదు. అందుకే ఆటల పరికరాలు చేతిలా కనిపించవు. వంగి మళ్లీ యథాస్థితికి వచ్చే యురేథేన్ వంటి పదార్థంతో, లోపలికి గుంటగా, దొప్పలా ఉంటాయి. వాటిలో మోటారు ఉండదు, తీగలు ఉండవు. అమెరికాలో బాబ్ రాడోసీ 1979లో ప్రారంభించిన టీఆర్‌ఎస్ సంస్థ ఈ తరహా పరికరాలను ఆటకొక రకంగా రూపొందించింది. అందులో హూప్‌స్టర్ అన్నది బాస్కెట్‌బాల్ కోసం చేసినది. ఇవి సాధారణంగా మణికట్టు దగ్గర అర అంగుళం మరతో బిగుస్తాయి కాబట్టి, రోజువారీ హస్తాన్ని విప్పి అదే సాకెట్‌కు, అంటే మిగిలిన చేతికి తొడిగే గట్టి తొడుగుకు, ఆట పరికరాన్ని తగిలించుకోవచ్చు. కండరాల సంకేతాలతో నడిచే మయోఎలక్ట్రిక్ హస్తాన్ని మాత్రం మైదానంలోకి తీసుకెళ్లకండి. దాని బరువు, బ్యాటరీ, సున్నితమైన గేర్లు ఇలాంటి దెబ్బలకు, చెమటకు తట్టుకునేవి కావు.

అయితే వాలీబాల్‌లో రెండు సమస్యలున్నాయి, వాటిని విడివిడిగా చూడాలి. తలపైనుంచి వేళ్లతో బంతిని లేపేటప్పుడు ఈ దొప్ప పరికరం ఉపయోగపడుతుంది. కింది నుంచి అందుకునేటప్పుడు బంతి పడేది ముంజేతుల మీద, అంటే మీ అమ్మాయి విషయంలో గట్టి సాకెట్ గోడ మీద. అక్కడ చివరన ఏ పరికరం పెట్టినా ఫలితం ఉండదు. సాకెట్ పైభాగానికి మెత్తని సిలికాన్ తొడుగు వేయించి, రెండు ముంజేతులూ ఒకే ఎత్తులో, ఒకే వాలులో వచ్చేలా పొడవు సరిచేయించండి. ముందుగా ఒక పరీక్ష చేయండి: ఆమె తల ఎత్తునుంచి బంతిని ఒక్కో ముంజేతి మీద వదిలి, ఎంత ఎత్తుకు లేస్తుందో చూడండి.

రీబౌండ్ 7
నేను బాస్కెట్‌బాల్‌కు దొప్ప పరికరం నాలుగేళ్లుగా వాడుతున్నాను. మొదటి నెలంతా పాస్‌లు ఆలస్యంగా వెళ్లేవి, ఎందుకంటే ఎప్పుడు వదలాలన్నది వేళ్లు చెప్పవు, భుజం నేర్చుకోవాలి. గోడకు సున్నంతో గీత గీసి, రోజూ దానికి రెండు చేతులతో బంతి కొట్టాను. షాట్‌లో బంతిని తోసేది మంచి చేయే, పరికరం పక్కనుంచి ఆసరా ఇస్తుంది, అంతే. నన్ను నిజంగా బాధపెట్టింది పరికరం కాదు, సాకెట్ అంచు. గట్టి పాస్ అందుకున్న ప్రతిసారీ మోచేతి మడత దగ్గర ఒరుసుకుని చర్మం లేచిపోయేది, అంచు వంపు మార్పించాకే తగ్గింది. ఆట అయ్యాక సాకెట్ తీసి చూడండి, ఎర్రదనం 15 నిమిషాలు దాటినా పోకపోతే ఆ చోట ఒత్తిడి ఎక్కువగా ఉన్నట్టే.

కవర్‌డ్రైవ్
నాది మోచేతి పైనుంచి పోయిన చేయి. క్రికెట్ బ్యాట్ పిడిని పట్టే, మణికట్టులా తిరిగే రబ్బరు కీలు ఉన్న పరికరం చేయించుకున్నాను. స్ట్రెయిట్ బ్యాట్‌తో ఆడినంతసేపూ బాగానే ఉండేది, కాని పుల్ షాట్‌కు కృత్రిమ మోచేయి సమయానికి తిరిగేది కాదు. ఏడాది తర్వాత దాన్ని పక్కనపెట్టి, తేలికైన బ్యాట్‌తో ఒంటిచేత్తోనే ఆడుతున్నాను. మోచేయి మిగిలి ఉండటం ఎంత పెద్ద వరమో మీ అమ్మాయికి చెప్పండి.

టేబుల్ అంచు
పరికరం లేకుండా ఆడటం కూడా ఒక మార్గమేనని మరవకూడదు. పోలండ్ టేబుల్ టెన్నిస్ క్రీడాకారిణి నటాలియా పార్తికా కుడి ముంజేయి లేకుండా పుట్టి, బంతిని ఆ మోచేతి మడతలో నిలిపి సర్వీసు చేస్తూ 2008 బీజింగ్‌లో ఒలింపిక్స్, పారాలింపిక్స్ రెండింటిలోనూ ఆడారు. టేబుల్ టెన్నిస్‌లో బంతిని తెరిచిన అరచేతినుంచి కనీసం 16 సెంటీమీటర్లు ఎగరేయాలన్న నియమం ఉన్నా, శారీరక వైకల్యం అడ్డొచ్చినప్పుడు అంపైర్ దాన్ని సడలించవచ్చు. కుడి హస్తం లేని బేస్‌బాల్ పిచర్ (బంతి విసిరే ఆటగాడు) జిమ్ అబాట్ కూడా పరికరం వాడలేదు. బంతి విసిరేటప్పుడు గ్లవ్‌ను కుడి చేతి కొసన ఉంచుకుని, వెంటనే ఎడమ చేతికి తొడుక్కునేవారు. 1993లో ఆయన ప్రత్యర్థి జట్టుకు ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా మ్యాచ్ ముగించారు.

సాకెట్ పనివాడు
నిజమే. ఒక్క మాట చేరుస్తాను. వాలీబాల్ నియమాల ప్రకారం గాయం చేయగల వస్తువులను, ఆటగాడికి కృత్రిమంగా అదనపు ప్రయోజనం ఇచ్చే వస్తువులను ధరించకూడదు. కాబట్టి పోటీకి ముందే పరికరాన్ని రిఫరీకి చూపించి అనుమతి తీసుకోండి. పైకి కనిపించే లోహపు భాగాలన్నిటికీ మెత్తని తొడుగు ఉండాలి. ఎదిగే వయసు కనుక సాకెట్ బిగుతును తరచూ చూపించుకోవడం కూడా అవసరం.

వాలీబాల్ తండ్రి
మీరు చెప్పిన పరీక్ష చేశాం. కుడి ముంజేతి మీద బంతి నడుము దాటి లేచింది. సాకెట్ మీద భుజందాకా ఎగిరి ఎడమకు పోయింది. పాత స్పాంజి చాపను రెండు పొరలుగా సాకెట్‌కు చుట్టి మళ్లీ వదిలితే, రెండువైపులా ఇంచుమించు ఒకే ఎత్తు వచ్చింది. చుట్టూ ఉన్న టేపు రెండు రోజుల్లోనే ఊడిపోయింది గాని, ఆ రెండు రోజుల్లో వరుసగా పదకొండు బంతులు నేరుగా లేపింది. సిలికాన్ తొడుగుకు కొలతలు ఇచ్చి వచ్చాం. దొప్ప పరికరం సంగతి ఆ తర్వాత చూస్తాం.