‘తక్షణ జన్యువు’ అంటే ఎంత తక్షణం?

ప్రశ్న: నాడీకణాల మీద వ్యాసం తెలుగు చేస్తున్నాం. కణం ఉత్తేజపడగానే పలికే సీ-ఫాస్, ఆర్క్ లాంటి జన్యువులకు ‘తక్షణ జన్యువులు’ అని రాశాం. ‘త్వరిత’ మేలని ఒక సలహా వచ్చింది. ఏది ఉంచాలి?

జవాబు: ‘త్వరిత’ వద్దండీ. ఇక్కడ వేగం ఉంది, కానీ అసలు నిర్వచనం వేగం కాదు. కొత్త ప్రోటీన్ ఏదీ తయారు కాకముందే, కణంలో ఉన్న సరుకుతోనే మొదలయ్యే జన్యువు అది. సైక్లోహెక్సిమైడ్ వేసి ప్రోటీన్ తయారీ ఆపేయండి, అయినా సీ-ఫాస్ ఎంఆర్‌ఎన్‌ఏ (ప్రోటీన్ తయారీకి జన్యువు నుంచి తీసే నకలు) వస్తుంది. మామూలుకన్నా ఎక్కువే వస్తుంది, దాన్ని అణిచే ప్రోటీన్లు కూడా తయారు కావు గనక. ఆ కొత్త ప్రోటీన్ల కోసం ఆగే రెండో విడత జన్యువులైతే ఆగిపోతాయి.

అడిగినవారు: ఆ ‘ఉన్న సరుకు’ ఏమిటండీ? ‘కాల్షియం వెళ్ళి జన్యువును ఆన్ చేస్తుంది’ అని రాశాం, సరిపోతుందా?

జవాబు: సరిపోదు, మధ్యలో చాలా పోయింది. కణపు పొర విద్యుత్తు మారగానే దానిలోని ఎల్-రకం కాల్షియం చానళ్లు తెరుచుకుంటాయి. లోపలికొచ్చిన కాల్షియాన్ని చానల్ నోటి దగ్గరే ఉన్న ప్రోటీన్ కాల్‌మాడ్యులిన్ పట్టుకుంటుంది. అక్కణ్ణుంచి సంకేతాన్ని జన్యువుల దాకా మోసే ఎంజైముల దారులు చీలతాయి. కామ్‌కైనేజ్ దారి నిమిషాల్లో పని చేస్తుంది. రాస్-ఎర్క్ దారి నిదానంగా అందుకుని ఎక్కువసేపు నిలుస్తుంది. రెండూ చివరికి, జన్యువులను పలికించే క్రెబ్ ప్రోటీన్‌లో 133వ అమైనో ఆమ్లమైన సెరీన్ మీద ఫాస్ఫేట్ పెట్టిస్తాయి. ఎర్క్ అదనంగా అలాంటి మరో ప్రోటీన్ ఎల్క్-1ను కూడా తట్టిలేపుతుంది. క్రెబ్ మీద ఫాస్ఫేట్ కనపడినంత మాత్రాన జన్యువు పలికిందని రాయకండి, అది చాలాసార్లు చాలదు.

మరొకరు: ఈ జన్యువులు నాడీకణపు ‘క్రియాశీలత వల్ల’ లేస్తాయి అని రాసే దగ్గరా జాగ్రత్త. సీ-ఫాస్‌ను వృద్ధి కారకాలు కూడా లేపుతాయి. 1984లో దాన్ని చూసింది ఫైబ్రోబ్లాస్టుల్లో (సంధాయక కణజాలపు కణాల్లో), న్యూరాన్లలో కాదు. ఎన్‌పాస్4 అనే మరో తక్షణ జన్యువు అలా కాదు, ప్రధానంగా కాల్షియం రాకకే స్పందిస్తుంది. ఇక ఎలుకను చేత్తో పట్టుకున్నా, కొత్త పెట్టెలో పెట్టినా సీ-ఫాస్ లేస్తుంది. అందుకే ముందు కొన్ని రోజులు చేతికి అలవాటు చేస్తారు. పెంపకపు కణాలైతే ముందురోజు రాత్రి నాడీ సంకేతాలను ఆపే టీటీఎక్స్, ఏపీ5 మందులు వేసి నిద్రపుచ్చి, తర్వాత పొర విద్యుత్తు మార్చడానికి 55 మిల్లీమోలార్ పొటాషియం క్లోరైడ్ ఇస్తారు. ఆ మేరకు సోడియం క్లోరైడ్ తగ్గించకపోతే గాఢత పెరిగి, ఆ ఒత్తిడికే జన్యువులు లేస్తాయి. నిఫెడిపిన్‌తో ఎల్-చానళ్లు మూస్తే స్పందన బాగా పడిపోవాలి. పడకపోతే వేరే దారేదో నడుస్తున్నట్టే.

అడిగినవారు: సమయం అంకెల్లో ఇవ్వొచ్చా?

జవాబు: ఇవ్వండి. సీ-ఫాస్ ఎంఆర్‌ఎన్‌ఏ 30 నిమిషాలకు, ప్రోటీన్ 60 నుంచి 90 నిమిషాలకు శిఖరం చేరుతుంది. పావుగంటకే ప్రోటీన్ వెతికి ‘స్పందన లేదు’ అని తేల్చేస్తుంటారు. పేరు విషయానికొస్తే ఆ వరుస వైరస్ శాస్త్రం నుంచి వచ్చింది: తక్షణ తొలి, తొలి, మలి జన్యువులు. మొదటిసారి ‘తక్షణ తొలి జన్యువులు’ అని పూర్తిగా రాసి, కొత్త ప్రోటీన్ అక్కర్లేదన్న వాక్యం పక్కనే పెట్టండి. ఆ తర్వాత ‘తక్షణ జన్యువు’ చాలు.