ఐసీయూ నుంచి రోగి వార్డుకు వచ్చాడు, చెప్పాల్సిన మాట అక్కడే ఉండిపోయింది

వార్డు నర్సు సందేహం:
మొన్న రాత్రి సరిగ్గా మా షిఫ్టు మారే వేళకు ఐసీయూ నుంచి ఒక రోగిని పంపారు. తీసుకొచ్చిన సిస్టర్ "బాగానే ఉన్నారు, అన్నీ కేస్ షీట్‌లో ఉన్నాయి" అని ట్రాలీ తిప్పుకుని వెళ్లిపోయారు. సాయంత్రం పొటాషియం పరీక్షకు రక్తం పంపారట. ఆ సంగతి నాకు తెలియదు. రిపోర్టు ఐసీయూకే వెళ్లింది. అర్ధరాత్రి డ్యూటీ డాక్టరు ల్యాబ్‌కు ఫోను చేస్తే పొటాషియం 2.8 అన్నారు, ఉండాల్సిన దానికంటే బాగా తక్కువ. వెంటనే డ్రిప్ మొదలుపెట్టాం, రోగి కోలుకున్నారు. కానీ ఆ మూడు నాలుగు గంటలు తలచుకుంటే ఇప్పటికీ గుండె దడే. కొత్త ఫారం ఒకటి పెట్టమని అడగనా?

ఐసీయూ నర్సు:
సిస్టర్, పంపేవైపు ఉన్నదాన్ని కాబట్టి ఒప్పుకుంటాను. మరో రోగి కోసం బెడ్ ఖాళీ చేయమని తొందరపెడుతుంటే మా నోటికి ముందొచ్చే మాట "బాగానే ఉన్నారు". రోగి గురించి చెప్పడానికి మేము ఎస్‌బార్ అనే వరుస వాడతాం: పరిస్థితి, నేపథ్యం, అంచనా, ఏం చేయాలి. అమెరికా నౌకాదళంలో పుట్టి ఆసుపత్రులకు వచ్చిన పద్ధతి ఇది. ఫోనులో డాక్టరుకు చెప్పడానికి భేషుగ్గా ఉంటుంది. రావాల్సిన రిపోర్టులకు మాత్రం అందులో ప్రత్యేకంగా చోటు లేదు, మీకు జరిగినట్టే జారిపోతాయి.

ఒక సీనియర్ డాక్టరు:
ఫారం అడగకండమ్మా, ఉన్నవాటినే ఎవరూ నింపడం లేదు. ఐ-పాస్ అనే అప్పగింత పద్ధతి చూడండి, అందులో ఐదు మెట్లు. జబ్బు తీవ్రత, క్లుప్తంగా రోగి కథ, చేయాల్సిన పనులు, ఏదైనా తేడా వస్తే ఏం చేయాలో, చివరికి విన్నవారు తిరిగి చెప్పడం. 9 ఆసుపత్రుల పిల్లల విభాగాల్లో దీన్ని పరీక్షించి 2014లో ఫలితాలు ప్రచురించారు. వైద్యపరమైన పొరపాట్లు 23 శాతం, నివారించగలిగిన హాని 30 శాతం తగ్గాయి. అక్కడ వాడింది జూనియర్ డాక్టర్లు, అయినా నర్సులకూ అంతే పనికొస్తుంది. నా లెక్కలో అసలు బలం ఆ చివరి మెట్టుదే. మీరు తిరిగి చెప్పేవరకు ట్రాలీ కదలకూడదు. వీలైతే మంచం పక్కనే నిలబడి మాట్లాడుకోండి. డ్రిప్ వేగం, కట్టు, కాథెటర్ కళ్లెదుటే ఉంటాయి. ఒక్కోసారి రోగే "పొద్దున ఇన్సులిన్ ఇవ్వలేదు" అని అందుకుంటారు.

వార్డు నర్సు:
నిన్న ప్రయత్నించాను. "ఇంకా రావాల్సిన రిపోర్టులేమైనా ఉన్నాయా, వస్తే ఎవరికి ఫోను చేస్తారు?" అని అడిగాను. వచ్చిన సిస్టర్ కొంచెం చిరాకుపడ్డారు. ఆపై కేస్ షీట్ తిరగేసి, "అయ్యో, బ్లడ్ కల్చర్ (రక్తంలో క్రిములున్నాయేమో చూసే పరీక్ష) పంపాం" అన్నారు. ల్యాబ్‌కు మా వార్డు నంబరు ఆవిడే ఫోను చేసి చెప్పారు. పట్టింది రెండు నిమిషాలు. షిఫ్టు మారే అరగంటలో రోగులను పంపవద్దని మా ఇన్‌ఛార్జి సిస్టర్ ఐసీయూతో మాట్లాడుతున్నారు, అదింకా తేలలేదు.