బెడ్‌వర్డ్ కథలో ఉప్పు ప్రస్తావన ఎక్కడిది?

కీ మిల్లర్ నవల ‘ఆగస్ట్‌టౌన్’ (2016) మీద చిన్న సాయం కావాలి. జమైకా బోధకుడు అలెగ్జాండర్ బెడ్‌వర్డ్ 1920 డిసెంబర్ 31న స్వర్గానికి ఎగిరిపోతానన్నాడు. ఎగరలేదు, 1921లో పట్టుకెళ్లి పిచ్చాసుపత్రిలో పెట్టారు. నవలలో ‘మా టాఫీ’ అనే ముసలావిడ చెప్పే కథలో మాత్రం గాల్లోకి లేస్తాడు. ఏలీయా ఆరోహణంతో (2 రాజులు 2) పోలిక సులువే. బెడ్‌వర్డ్ అక్కడి హోప్ నది నీళ్లతో రోగాలు నయం చేయడంలో, కుష్ఠు పోవడానికి యొర్దానులో ఏడుసార్లు మునిగిన బైబిలు నయమానూ కనిపిస్తాడు. కానీ ఉప్పు ముట్టని ఆఫ్రికన్లు ఎగిరి స్వదేశం చేరేవారన్న జానపద నమ్మకం బైబిలుది కాదు.

బెడ్‌వర్డ్ అనుచరుల పాటల్లో, ఉపవాస నియమాల్లో ఉప్పు మాట ఉందా? ఆయన చనిపోయిన 1930కి ముందు సేకరించినవైతేనే పనికొస్తాయి. తర్వాతివాటిలో రస్తఫారీల (1930లలో జమైకాలో మొదలైన మతోద్యమం వాళ్లు) ఉప్పులేని తిండి పద్ధతి కలిసిపోయి ఉండొచ్చు, అప్పుడు ఏది ముందుదో తేల్చడం కష్టం. విమర్శ వ్యాసాలు వద్దు, మూల సేకరణలే చెప్పండి.