అప్‌డేట్: సన్నని బద్దలు చివరికి సమంగా వచ్చాయి

ట్రాక్ సాతో (ట్రాక్ అనే పొడవాటి పట్టీ వెంట నడిచే కరెంటు రంపంతో) 20 మి.మీ. చెక్క బద్దలు కోస్తుంటే ఒక కొస లావుగా, మరో కొస సన్నగా వస్తున్నాయని అడిగాను కదా. తప్పు రంపానిది కాదు, ప్రతి కోతకూ ట్రాక్‌ను జరిపి టేపుతో కొలుస్తున్న నాది. ఇప్పుడు ట్రాక్‌ను బల్లకే కీళ్లతో బిగించేశాను; జరిగేది కోసే చెక్క పలకే. బ్లేడుకు అవతల 20 మి.మీ. దూరంలో రెండు అడ్డుచెక్కలు బిగించి, పలకను వాటికి ఆనించి కోస్తున్నాను. బద్ద అవతలి వైపే తెగుతుంది కాబట్టి బ్లేడు మందం లెక్కలోకి రాదు. ఇది తట్టేలోపు రెండు పలకలు తగలేశాను!

పలక ఇరుకయ్యాక ట్రాక్ వాలిపోకుండా వెనుక అదే మందం చెక్క పెట్టాలి. తొమ్మిది బద్దలు పక్కపక్కన పేర్చి వేలితో తడిమితే ఎక్కడా మెట్టు తగలలేదు. పదోది మాత్రం అడ్డుచెక్క దగ్గర పొట్టు ఇరుక్కుని వంకరపోయింది. ఇప్పుడు ప్రతి కోతకు ముందు అక్కడ బ్రష్‌తో ఊడుస్తున్నాను.