నాన్న బయాప్సీ రిపోర్టులు రెండు, రకాలు రెండు: ఏది లెక్కలోకి తీసుకోవాలి?

పల్నాటిబిడ్డ:
పెద్దలకు నమస్కారం. విషయం నాన్న గురించి. వయసు 61, వ్యవసాయం, చుట్ట అలవాటు ఉంది. అంగం చివర ముందు తోలు కింద పులిపిరి లాంటిది ఏడాదిగా ఉందట, ఎవరికీ చెప్పలేదు. తన పంచెలు తనే ఉతుక్కోవడం మొదలుపెట్టాక అమ్మకు అనుమానం వచ్చింది. దండెం మీది పంచెకు ఉతికినా పోని పసుపు మరక ఉంది. అడిగితే సెగగడ్డ అన్నాడు. ముందు తోలు చాలా ఏళ్ళుగా వెనక్కి రాదట.

మొదటిసారి పైన చిన్న ముక్క తీసి పరీక్షకు పంపితే 'వెర్రుకస్ కార్సినోమా కావచ్చు' అని వచ్చింది. పెద్దాసుపత్రిలో మళ్ళీ లోతుగా తీస్తే 'స్క్వామస్ సెల్ కార్సినోమా, యూజువల్ టైప్, గ్రేడ్ 2' అన్నారు. ఇవి రెండు వేర్వేరు క్యాన్సర్లా? మొదటివాళ్ళు తప్పు రాశారా? మొత్తం తీసేస్తారేమోనని నాన్న అన్నం సరిగా తినట్లేదు. అమ్మకు అంటుకుంటుందా?

ల్యాబ్ అక్క:
తమ్ముడూ, నేను పాథాలజీలో పనిచేస్తాను. ఇలాంటి స్లైడ్లు చూసే పనే నాది. మీ మొదటి రిపోర్టును తప్పనలేం. అందులో 'కావచ్చు' అన్న మాట ఊరికే రాయలేదు.

ఈ అవయవానికి వచ్చే క్యాన్సర్లలో నూటికి 95 దాకా స్క్వామస్ రకమే, అంటే చర్మం పైపొర కణాల్లో పుట్టేది. మీకు చెప్పిన రెండూ ఆ కుటుంబంలోవే. వెర్రుకస్ పైకి గోబీ పువ్వులా పెరుగుతుంది, అడుగున మాత్రం కింది కణజాలాన్ని మొద్దుగా నెట్టుకుంటూ పోతుంది. నెమ్మదిగా పెరుగుతుంది, గజ్జల్లోకి పాకడం చాలా అరుదు. యూజువల్ టైప్‌లో కణాలు గుంపులుగా విడిపోయి కింది పొరల్లోకి చొచ్చుకుపోతాయి. తేడా అంతా అడుగునే కనిపిస్తుంది. పైపైన తీసిన ముక్కలో ఆ అడుగు ఉండదు, అందుకే మేం గట్టిగా చెప్పలేం. ఒకే కణితిలో రెండూ కలిసి ఉండటం కూడా చూస్తుంటాం. అప్పుడు చొచ్చుకుపోయే భాగాన్ని బట్టే వైద్యం చేయాలి. కాబట్టి మీరు రెండో రిపోర్టునే పట్టుకోండి.

ఈ కుటుంబంలోనే ఇంకో రకం పేరు చాలామందిని తికమక పెడుతుంది: 'వార్టీ'. వెర్రుకస్, వార్టీ పేర్లు రెండూ పులిపిరినే గుర్తుచేస్తాయి గానీ రెండూ ఒకటి కాదు. వార్టీ, బేసలాయిడ్ రకాలు హెచ్‌పీవీ (లైంగికంగా సోకే ఒక వైరస్) వల్ల వచ్చేవి, వెర్రుకస్ ఆ వైరస్‌తో సంబంధం లేనిది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 వర్గీకరణ కూడా ముందు ఇదే గీత గీసింది: హెచ్‌పీవీతో ముడిపడ్డవి ఒకవైపు, పడనివి ఇంకోవైపు. అది తేల్చడానికి పీ16 అనే రంగు పరీక్ష చేస్తాం. బేసలాయిడ్ లోతుకు దిగి త్వరగా గజ్జల్లోకి పాకుతుంది. సార్కోమటాయిడ్ చాలా అరుదు, వస్తే మాత్రం అన్నిటికన్నా మొండిది. పాపిల్లరీ కొంత నెమ్మది.

స్క్వామస్ కానివి (మెలనోమా, బేసల్ సెల్, సార్కోమా) చాలా కొద్దిమందికే వస్తాయి, వాటి వైద్యం వేరు. మీకు వాటి గొడవ లేదు.

ఇది చదివే మిగతావాళ్ళ కోసం ఒకటి చెప్పాలి. క్యాన్సర్ ఇంకా పైపొర దాటని దశ ఉంటుంది. ముందు తోలు కింద మఖ్మల్ గుడ్డలా ఎర్రగా మెరిసే మచ్చ, నొప్పి పెద్దగా ఉండదు. 1911లో క్వేరా అనే ఫ్రెంచ్ డాక్టరు దీన్ని వర్ణించాడు. ఆ దశలో పట్టుకుంటే క్యాన్సర్ కణాల మీద పనిచేసే ప్రత్యేక క్రీములు, లేజర్ లాంటివాటితో అవయవం పోకుండా నయం చేసే వీలుంటుంది. ఆ మచ్చకు నెలల తరబడి గజ్జి మందు రాసుకుని వచ్చినవాళ్ళను చూసినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది. మూడు నాలుగు వారాల్లో మానని పుండు, మచ్చ, గడ్డ ఏదైనా ముక్క తీయించాల్సిందే.

పల్నాటిబిడ్డ:
అక్కా, చాలా థాంక్స్. అయితే యూజువల్ అంటే ప్రమాదమేనా?

ల్యాబ్ అక్క:
రకం ఒక్కటే చూసి నిర్ణయించకు. రిపోర్టులో ఇవి వెతుకు: ఎంత లోతు దిగింది (టీ1, టీ2 అని ఉంటుంది), గ్రేడ్ (కణాలు మామూలు కణాలకు ఎంత తేడాగా ఉన్నాయన్న లెక్క) ఎంత, 'లింఫోవాస్కులర్ ఇన్వేజన్' (రక్తనాళాల్లోకో, లింఫు నాళాల్లోకో చొరబడటం), 'పెరిన్యూరల్ ఇన్వేజన్' (నరాల వెంట పాకడం) ఉన్నాయా. వీటన్నిటికన్నా పెద్ద ప్రశ్న గజ్జల్లో బిళ్ళలకు పాకిందా అన్నది. మనిషి ఎంతకాలం బాగుంటాడన్నది ఎక్కువగా దాని మీదే ఆధారపడుతుంది. చేతికి బిళ్ళ తగిలితే సూదితో కణాలు తీసి చూస్తారు. ఇన్‌ఫెక్షన్ వల్ల కూడా బిళ్ళ కడుతుంది నిజమే, కానీ యాంటీబయాటిక్స్ ఇచ్చి వారాల తరబడి చూస్తూ కూర్చోవద్దు. ఏమీ తగలకపోయినా, గ్రేడ్, లోతు ఎక్కువుంటే గజ్జలు పరీక్ష చేయాల్సిందే.

ఓరుగల్లు పెద్దాయన:
బాబూ, నాకు 2018ల ఇదే అయింది. అప్పుడు 54 ఏండ్లు. సిగ్గుకు ఎనిమిది నెలలు దాచిపెట్టిన. చూపించిన మొదటి డాక్టరు షుగర్ పుండన్నడు, అది ఇంకో మూడు నెలలు తిన్నది. నాకు చివరి భాగం మాత్రమే తీసిండ్రు. నిలబడే మూత్రం పోస్త. మీ నాయినకు ఈ ముచ్చట చెప్పు, అన్నం తింటడు. ఎనుకట కణితి చుట్టూ 2 సెంటీమీటర్లు మంచి భాగం కూడా తీసేటోళ్లట, ఇప్పుడు కొన్ని మిల్లీమీటర్లు చాలని మా సర్జన్ చెప్పిండు. గజ్జల ఆపరేషన్ అయినంక నా ఎడమ కాలు వాస్తది, పట్టీ కట్టుకుంట. కష్టమే, కానీ నాలుగో ఏడు మనుమరాలి పెండ్లిల భోజనం వడ్డించిన.

ఒక్కటే మాట: చెకప్ తప్పొద్దు. మొదటి రెండేండ్లు మూడు నెలలకోసారి పోయిన. చుట్ట ఇడిపించు.

పల్నాటిబిడ్డ:
పెద్దాయన గారూ, మీ పోస్టు నాన్నకు చదివి వినిపించాను. కాసేపు గోడవైపు తిరిగి పడుకున్నాడు. తర్వాత 'నిలబడే పోస్తాడటనా?' అని అడిగి, పెరుగన్నం కలపమన్నాడు.

ల్యాబ్ అక్క:
అమ్మ సంగతి మర్చిపోయాను. క్యాన్సర్ అంటుకోదు. హెచ్‌పీవీ వైరస్ అంటుకుంటుంది, కానీ అది చాలామందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సోకి వెళ్ళేదే, నాన్న మీద అనుమానపడే పని లేదు. పీ16 పాజిటివ్ వస్తే అమ్మకు గర్భాశయ ముఖద్వారం పరీక్ష ఒకసారి చేయించండి, నిజానికి ఆ పరీక్ష ఎలాగూ మంచిదే. ఇంట్లో పిల్లలుంటే మన దేశంలో తయారైన సర్వావాక్ అనే హెచ్‌పీవీ టీకా 9 నుంచి 26 ఏళ్ళ లోపు మగపిల్లలకూ వేయొచ్చు.

ఇక రేపు చేయాల్సిన పని. వేరే ఆసుపత్రికి వెళ్తే స్లైడ్లతో పాటు మైనపు బ్లాకులు (తీసిన ముక్కను మైనంలో పెట్టి దాచిన దిమ్మలు) కూడా అడిగి తీసుకోండి. బ్లాకు ఉంటే పీ16 దాని మీదే చేయొచ్చు, నాన్నకు మళ్ళీ కోత పడదు. చిన్న డబ్బాలో, ఎండ తగలకుండా తీసుకెళ్ళండి. కారు డ్యాష్‌బోర్డు మీద పెడితే మైనం కరుగుతుంది.